చేపల డాక్టర్ పంపిన మందు

కామారెడ్డి
3-8-1987

చిరంజీవి బామ్మర్ది లింగానికి,

నిజామాబాదు జిల్లా, కామారెడ్డి, స్టేషన్ రోడ్డు మీద ఫొటోలకు అద్దాలు కట్టే దుకాణం యజమాని లింబాద్రి అను నేను, పూర్తి తెలివితో, ఎవ్వరి బలవంతం లేకుండ, సర్వజనులకు ప్రకటించునది ఏమనగా: నిన్న పగటి పూట మా ఇంట్ల వంకాయ కూరల ఉప్పు సరిపోయింది. పెండ్లయిన ఇన్నేండ్లల్ల ఇదే మొదటిసారి. మీ అక్క అనసూయ అయితే నమ్ముతనే లేదు. అలవాటు కొద్ది మీద ఇంకింత ఉప్పు చల్లుకోని తిన్నది. నువ్వు గవర్నమెంటు నౌకరివి కాబట్టి ఈ సంగతి మీ ఎల్లారెడ్డిల పై ఆఫీసర్లకు తెలుపగలవు.

ఇగ రెండో ముచ్చట. మా దోస్తు జిలానీ మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి చేపలు పెంచే అద్దాల డబ్బ ఒకటి నాతోని కట్టించిండు. ఇంట్ల ఒక పాతది ఉంది, ఇది రెండోది. నేను కట్టేసరికి ఆయన సెలవు అయిపోయింది. పోయేటప్పుడు "ఎవరికన్న ఇయ్యి యార్, చేపలు గూడ ఇస్త" అన్నడు. నాకు వెంటనే నీ పెండ్లాం, మా చెల్లె గంగమణి యాదికొచ్చింది. నెలలు నిండేదాక మంచం దిగొద్దన్నదట కదా మీ డాక్టరమ్మ. రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి నిలవాలె. కానీ పండుకోని పండుకోని ఏం జేస్తది? ఇంటి కప్పుకు ఎన్ని దూలాలున్నయో లెక్కబెట్టుడు గూడ అయిపోయి ఉంటది. మంచం పక్కన ఈ డబ్బ పెడితే కండ్లకు జర పని దొరుకుతది.

డబ్బ, గులకరాళ్ళు, నీళ్ళల్ల బుడగలొచ్చే గాలి మిషను, కవర్ల ఆరు బంగారు చేపలు, అన్ని ఎల్లారెడ్డి బస్సుల పంపుతున్న. కండక్టర్ ఎల్లయ్య డబ్బను తన సీట్ల కూసోబెట్టి, తాను నిలబడి టికెట్లు కొడతనన్నడు.

ఒక్కటి మర్చిపోవద్దు. చేపలు కొత్తింట్ల దిగంగనే ఇంటి పెద్దకు మొక్కుతయి. తోక ఊపినయంటే మొక్కినట్టు. నువ్వు చెయ్యి లేపి దీవించాలె. లేకపోతే నారాజ్ అయితయి.

ఇట్లు
ఉప్పు సరిపోయిన మీ బావ
లింబాద్రి


ఎల్లారెడ్డి
11-8-1987

గౌరవనీయులైన బావగారికి లింగం నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. మీ చేపలు మాత్రం క్షేమం కాదు.

డబ్బా ఒక్క పగులు లేకుండా చేరింది. నా ఉద్యోగం మీకు తెలుసు. దవాఖాన తరఫున ఈ ఊరి బావులన్నింటిలో బ్లీచింగ్ పౌడర్ వేసేది నేను. అలాంటి వాడి ఇంట్లో, అదీ గర్భిణి పడుకున్న గదిలో, ఒక్క క్రిమి ఉన్నా నాకు తలవంపులే. అందుకని గులకరాళ్ళను వేడినీళ్ళతో కడిగాను. అద్దాలను డెటాల్‌తో తుడిచాను. నీళ్ళలో చిటికెడు బ్లీచింగ్ కలిపి, మర్నాడు చేపలను వదిలాను.

రెండు రోజులు బాగానే ఉంది. మూడోనాడు నీళ్ళు బియ్యం కడిగినట్టు తెల్లబడ్డాయి. ఒక బొట్టు తీసుకుపోయి, మలేరియా రక్తం చూసే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. బావగారూ, లక్షలు! లక్షల క్రిములు జాతరకు వచ్చినట్టు కదులుతున్నాయి. ఇంటికి పరుగెత్తి నీళ్ళన్నీ పారబోసి, మళ్ళీ మొదటినుంచి అంతా కడిగి, కొత్త నీళ్ళు పోశాను. రెండు రోజులకు మళ్ళీ అదే తెలుపు. మళ్ళీ కడిగాను. నిన్న పొద్దున ఒక చేప వెల్లకిలా తేలింది.

గంగమణి దాన్ని చూసింది. ఏడవలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. రాత్రి అన్నం ముట్టలేదు. "నా దగ్గర ఏదీ నిలవదు" అన్నది.

డబ్బా తీసేద్దామంటే ఒప్పుకోదు. "ఐదున్నయి గద, ఉండనీయి" అంటుంది. ఇంకొక్కటి పోతే ఆమెకు ఏం చెప్పాలో నాకు తెలియదు. మీకు దండం పెడతాను, ఈ ఒక్కసారికి ఎగతాళి మాని జవాబు రాయండి.

ఇట్లు
లింగం

తా.క. చేపలు తోక ఊపాయి. దీవించాను. గంగమణి చాలా నవ్వింది. అది మొదటి రోజు సంగతి.


కామారెడ్డి
14-8-1987

బామ్మర్ది లింగానికి,

నీ ఉత్తరం సదివి మీ అక్క నన్ను అప్పుడే లేపి తోలింది. నేను దుకాణం మూసి సీదా జిలానీ వాళ్ళింటికి పోయిన. ఆయన పాత డబ్బను వాళ్ళమ్మ చాంద్ బీ చూసుకుంటది. నీ కథంత చెప్పిన. నువ్వెన్నిసార్లు కడిగినవో ఇని ఆమె తలకాయ పట్టుకున్నది.

"ఏమయ్యా, మీ బామ్మర్ది చేపలు పెంచుతుండా, గిన్నెలు తోముతుండా?"

"దవాఖాన మనిషి అమ్మా. పురుగును చూస్తే ఆగడు."

"ఆ పురుగులు గావాలె బేటా! చేప తిన్నది ఎనకనుంచి ఇడుస్తది. అది నీళ్ళల్ల విషమైతది. ఆ విషాన్ని తినేటియి రాళ్ళకు జిగురులెక్క పట్టుకోని ఉంటయి. ఆయన వాటిని సంపి, చేపలకు వాటి పెంటనే తాపుతుండు. నీళ్ళను సతాయించొద్దని చెప్పు."

ఇగ నాకు సమజైనట్టు నేను చెప్త. కొత్తింట్ల దిగినప్పుడు చుట్టాలొస్తరు సూడు. ముందుగాల వచ్చేటోళ్ళు ఉత్త లొల్లి మంది. గోల జేస్తరు, ఇల్లంత ఆగమాగం. గదే నీ తెల్లనీళ్ళు. నాలుగొద్దులు ఊకుంటే వాళ్ళంతట వాళ్ళే పోతరు. ఆఖరుకు పనిజేసేటోళ్ళు నిలుస్తరు. అంట్లు తోముతరు, వాకిలి ఊడుస్తరు. నువ్వేం జేస్తున్నవంటే, చుట్టాలు గడప తొక్కంగనే అందరి మీద వేడినీళ్ళు గుమ్మరిస్తున్నవ్.

అందుకని చాంద్ బీ తన పాత డబ్బలకెల్లి పిడికెడు రాళ్ళు మూట గట్టిచ్చింది. నల్లగ, మురికిగ, జిడ్డుగ ఉంటయి. గట్లనే ఎయ్యి. పనిజేసే చుట్టాలు ఆ జిడ్డులనే ఉన్నరు. తిండి చిటికెడే పెట్టు. నీళ్ళు మొత్తం మార్చకు. ఒక బకెట్ తీసి ఒక బకెట్ పొయ్యి, అదీ బ్లీచింగ్ తగలని బోరింగు నీళ్ళు.

మిగిలిన ఐదు చేపలు పక్కా బతుకుతయని చాంద్ బీ ఒట్టేసి చెప్పింది. ఈ ముక్క మాత్రం చెల్లెకు గట్టిగ సదివి వినిపియ్యి.

ఇంకోటి. పొద్దుగాల లేవంగనే డబ్బ ముంగట చేతులు కట్టుకోని నిలబడి, నీ పేరు, మీ నాయన పేరు, నీ ఉద్యోగం మెల్లగ చెప్పు. మనిషి ఎరుకైతే చేపలు బెదరయి.

ఇట్లు
బావ లింబాద్రి


ఎల్లారెడ్డి
20-8-1987

బావగారికి నమస్కారములు.

మీరు పంపిన మూట అందింది. విప్పగానే ఆ వాసనకు పక్కింటి ఈరవ్వ వచ్చి "ఎలుక సచ్చిందా బిడ్డా?" అని అడిగింది. అయినా మీ మాట కాదనలేక ఆ రాళ్ళను డబ్బాలో వేశాను. కానీ అట్లాగే ఎట్లా వేస్తాను? పెద్ద బగోనెలో పోసి బాగా ఉడకబెట్టాను. డెటాల్ నీళ్ళలో ముంచి, ఎండలో ఆరబెట్టి అప్పుడు వేశాను. ఇప్పుడు ముత్యాల్లా మెరుస్తున్నాయి.

నీళ్ళు మళ్ళీ తెల్లబడ్డాయి. మీ సలహా పనిచేయలేదు.

ఇప్పుడు ఒక చేప ఒరిగిపోయి, నీళ్ళ పైకి వచ్చి నోరు తెరుస్తూ ఉంది. గంగమణి రోజంతా దాని వైపే చూస్తున్నది. నేను ఇంట్లోకి రాగానే "ఉన్నది" అంటుంది. నేనేమీ అడగకుండానే. ఆ మాట వినాలంటే నాకు గుండె దడగా ఉంటోంది. "ఉన్నది" అనని రోజు ఎట్లా ఉంటుందో అని.

బావగారూ, కోపం తెచ్చుకోకండి. ఐదో తరగతి సగంలో మానేసిన మీరు, దోస్తు వాళ్ళమ్మ చెప్పిందని నాకు సూక్ష్మజీవుల పాఠం చెబితే నేను ఎట్లా నమ్మాలి? పదిహేనేళ్ళుగా వాటిని చంపి జీతం తీసుకుంటున్నవాణ్ణి. నాకు శాస్త్రీయమైన మందు కావాలి. దాని మీద డాక్టర్ పేరుండాలి, ముద్ర ఉండాలి, మోతాదు రాసి ఉండాలి. అట్లాంటిది ఎక్కడైనా దొరుకుతుందేమో హైదరాబాదులో కనుక్కోండి.

ఇట్లు
లింగం

తా.క. రోజూ పేరు, నాయన పేరు, ఉద్యోగం చెబుతున్నాను. ఈరవ్వ కిటికీలోంచి చూసి, నాకు ఎక్కడో ఇంటర్వ్యూ ఉందని వాడకట్టంతా చెప్పింది.


కామారెడ్డి
24-8-1987

లింగానికి,

నీ ఉత్తరం సదివి నాకు బుద్ధొచ్చింది. నువ్వన్నది నిజమే. సదువు లేనోని మాట సదువు లేనిదే. అందుకని నిన్న పొద్దుగాల రైలెక్కి హైదరాబాద్ పోయిన.

మూడు బజార్లు తిరిగితే దొరికిండు. డాక్టర్ వజీర్ సాబ్. చేపల డాక్టర్. జర్మనీల సదివిండు. దవాఖాన ముంగట బిందెలు పట్టుకోని జనం లైన్ల నిలబడ్డరు, బిందెకొక రోగి. గోడ మీద ఆయన మొసలికి సూది ఇస్తున్న ఫొటో ఉంది. ఫ్రేము జర వంకరుండె, నేనే సరిజేసి వచ్చిన. నీ సంగతి చెప్తే ఆయన "ఆరోగ్య శాఖల ఇంత శుభ్రమైన మనిషి ఉన్నడా!" అని లేచి నిలబడ్డడు.

లక్క ముద్ర గొట్టిన సీసా ఇచ్చిండు. చీటీ సీసాకే అతికించి ఉంది. అయినా నీకోసం ఇక్కడ గూడ రాస్తున్న:

"జలశుద్ధి ద్రావణము. ప్రతి ఉదయము రెండు చెంచాలు, బాగుగా కదిలించి, చేపల నీటిలో పోయవలెను. వేడి తగిలిన గుణము పోవును. డెటాల్, బ్లీచింగు తగిలిన విషమగును. మందు వాడుచున్నన్ని దినములు రాళ్ళు కడుగరాదు, నీరు మొత్తము మార్చరాదు, మేత చిటికెడు మించరాదు. మందు పోయువారు గడ్డము గీసుకొని ఉండవలెను. — డాక్టర్ వజీర్, జర్మనీ."

మందు నల్లగుంటది, వాసనొస్తది. అది దాని గుణం. మూత తీసి వాసన చూసి ఉడకబెట్టేవు, జర్మనీవాళ్ళ ఇజ్జత్ పోతది.

ఎల్లయ్య చేతికిచ్చిన. సీసా జారకుండ టికెట్ల సంచిల పెట్టుకున్నడు.

ఇట్లు
బుద్ధి తెచ్చుకున్న లింబాద్రి


ఎల్లారెడ్డి
5-9-1987

బావగారికి శతకోటి నమస్కారములు.

సైన్సు అంటే ఇదీ! చీటీలో రాసినట్టు తు.చ. తప్పకుండా, రోజూ గడ్డం గీసుకుని మందు పోశాను. మొదటి నాలుగు రోజులు తెలుపు పోలేదు. కడుగుదామని చేతులు దురద పెట్టాయి గానీ, డాక్టర్ రాసిందాన్ని ఎట్లా దాటుతాను? తర్వాత మెల్లమెల్లగా పలచబడి, ఇప్పుడు అద్దం ఉందా లేదా అన్నంత తేటగా ఉన్నాయి నీళ్ళు. ఒరిగిపోయిన చేప నిటారుగా ఈదుతున్నది. ఐదూ ఉన్నాయి. గంగమణి దిండుకు ఆనుకుని కూర్చుని, డబ్బా వైపు చూస్తూ రెండు పూటలా అన్నం తింటున్నది.

మురికి రాళ్ళకూ అసలైన మందుకూ తేడా ఇప్పటికైనా గ్రహించండి.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. అంత చెడ్డ నీళ్ళను ఇంత తేట చేసిన మందు మనిషి కడుపులోకి పోతే ఎంత మేలు చేయాలి! అందుకని ఎల్లుండి సోమవారం నుంచి గంగమణి తాగే నీళ్ళ కుండలో కూడా వేద్దామని నిర్ణయించాను. మోతాదు డాక్టర్ వజీర్ గారిని అడిగి రాయండి. మీ జవాబు రాకపోతే రెండు చెంచాలే అనుకుంటాను. ఇది పగటి బస్సుకు పంపుతున్నాను.

ఇట్లు
మీ బామ్మర్ది
లింగం


కామారెడ్డి
5-9-1987, సాయంత్రం బస్సుకు

లింగం,

వద్దు. కుండ ముట్టకు.

అది మందు కాదు. చాంద్ బీ పాత డబ్బల గాలి మిషనుకు ఒక స్పాంజి ఉంటది. దాన్ని పిండితే వచ్చిన నల్లనీళ్ళు అవి. రాళ్ళల్ల ఉన్న పురుగులే అందుల ఉన్నయి. రాళ్ళు పంపితే ఉడకబెట్టినవ్ కాబట్టి సీసాల పోసి పంపిన. చేపలకు మంచిది, మనిషికి కాదు. డాక్టర్ వజీర్ లేడు. జర్మనీ లేదు. గంగమణికి ఒక్క చుక్క తాపొద్దు. ఇప్పటికే ఏసి ఉంటే కుండ పగలగొట్టు, డాక్టరమ్మ దగ్గరికి పో, ఈ కాగితం ఆమెకు చూపియ్యి.

ఎల్లయ్య బస్సు రాత్రికి మీ ఊర్లనే ఆగుతది. ఇది నీ చేతుల పెట్టందే అన్నం తిననని ఒట్టేసిండు. రేపు పొద్దుగాల నేను, మీ అక్క వస్తున్నం. మీ అక్క నాతోని మాట్లాడ్తలేదు.

లింబాద్రి


ఎల్లారెడ్డి
6-9-1987, పొద్దున

బావా,

దీన్ని ఎల్లయ్య నీకు బస్టాండ్‌లోనే ఇస్తాడు. అక్కడే కూర్చుని చదువు. గౌరవనీయులు అని రాయలేదు, గమనించు.

కుండలో ఏమీ వేయలేదు. వేయబోలేదు కూడా. గంగమణి క్షేమం.

సీసా వచ్చిన రోజే చీటీ చూసి ఆమెకు తెలిసిపోయిందట. "ఇది డాక్టర్ రాత కాదు. మొత్తం సదవొస్తుంది" అనుకున్నదట. కానీ నేను కడగడం మానేశానని ఊరుకుంది. నాకు మాత్రం మొన్న బుధవారం తెలిసింది. పెద్ద గొప్పగా సీసా తీసుకుపోయి మా డాక్టరమ్మకు చూపించాను. ఆమె "గడ్డము గీసుకొని" దాకా చదివి, కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టి నవ్వింది. నర్సులు వచ్చారు. ఆఖరుకు మందుల కోసం నిలబడ్డవాళ్ళు కూడా వచ్చారు.

ఇంటికొచ్చి గంగమణి మీద అరిచాను. "సక్కగ చెప్తే నేను ఇనకపోదునా? ఇంత మంది ముంగట నా ఇజ్జత్ తీసుడెందుకు?"

"సక్కగ చెప్తే ఉడకబెట్టినవ్ గద" అన్నది.

ఆ కుండ ఉత్తరం ఆమె చెప్తే నేను రాసిందే. "అన్నకు గూడ జర గుండె దడ తెలువాలె" అన్నది. నిన్న రాత్రి నీ కాగితం చదివి ఎంత నవ్విందంటే, కడుపు పట్టుకోవాల్సి వచ్చి నేనే భయపడ్డాను.

ఇంకో సంగతి. డబ్బాలోంచి ఒక రాయి తీసి, దాని జిగురును మళ్ళీ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. పదిహేనేళ్ళలో మొదటిసారి, బ్లీచింగ్ డబ్బా వైపు చెయ్యి పోకుండా ఊరికే చూస్తూ కూర్చున్నాను.

గంగమణి హుకుం ఇది: "అన్న రాసినవాట్ల ఏది నిజం, ఏది అబద్ధం, అన్ని కాగితం మీద పెట్టాలె. లేకపోతే గడప తొక్కొద్దు."

లింగం


కామారెడ్డి బస్టాండ్
6-9-1987

చెల్లె గంగమణికి, లింగానికి,

ఈ కాగితం ఎవ్వరి చేతికి ఇస్తలేను. నేనే తెస్తున్న. మీ గడప బయట నిలబడి ఇస్త, సదివినంక లోపలికి పిలువుండ్రి. మీ అక్క మాత్రం లోపలికి వస్తది. ఆమెకు నాతోని సంబంధం లేదని బస్టాండ్ల ఇద్దరికి చెప్పింది.

నేను హైదరాబాద్ పోలేదు. ఆ రోజంత దుకాణంలనే ఉన్న. మొసలి ఫొటో లేదు, బిందెల లైను లేదు. వజీర్ అనేటాయన మా దుకాణం ముంగట సైకిల్ పంచర్లు ఏస్తడు. అడగకుండ ఆయన పేరు వాడుకున్న. జర్మనీ గూడ నేనే ఇచ్చిన. ఆయనకు తెలిస్తే సంతోషపడతడు. లక్క ముద్ర మీ అక్క గాజుతోని గుద్దిన. చీటీల కడుగొద్దు, ఉడకబెట్టొద్దు అన్నదంత చాంద్ బీ మాట. గడ్డం నాది. చేపలు మొక్కవు. వాటికి నీ పేరు, మీ నాయన పేరు అవసరం లేదు, లింగం. ఈరవ్వ అడిగితే ఇంటర్వ్యూల నౌకరి రాలేదని చెప్పు. వంకాయ కూర సంగతి నిజమే అని రాస్తున్న, ఎందుకంటే మీ అక్క పక్కనే కూసోని సదువుతున్నది.

రాళ్ళు నిజం. స్పాంజి నీళ్ళు నిజం. నీళ్ళను సతాయించొద్దని చాంద్ బీ అన్నది నిజం. కుండ ఉత్తరం సదివినప్పుడు నా చేతులకెల్లి అద్దం జారి పలిగింది, అది గూడ నిజం. అది ఎవరో పెండ్లి ఫొటోది.

ఇగ ఒక్కటుంది. ఐదు చేపలు పక్కా బతుకుతయని చాంద్ బీ ఒట్టేసింది అని రాసిన. ఆమె ఒట్టెయ్యలేదు. నేను రెండుసార్లు అడిగిన. "కొత్త నీళ్ళల్ల కొన్ని ఉంటయి, కొన్ని పోతయి బేటా. ఏది ఉంటదో ఎవలు చెప్తరు?" అన్నది. నీ మాట, చెల్లె, "నా దగ్గర ఏదీ నిలవదు" అన్నది, లింగం రాసింది నా జేబులనే ఉండె. దాని పక్కన చాంద్ బీ మాట పెట్టబుద్ధి కాలె. అందుకని ఒట్టు నేనే ఏసి, ఆమె పేరు రాసిన. అన్నిట్ల పెద్ద అబద్ధం అదే. మిగిలినయి నవ్వనీకి రాసిన. ఇది భయానికి రాసిన.

ఐదు నిలిచినయి. అది నాకు తెలిసి రాసింది కాదు. ఒకటి తక్కువైనా నా దగ్గర చెప్పనీకి ఏం లేకుండె.

కడుపుల బిడ్డ గురించి ఎవ్వల పేరు మీద ఏ ఒట్టు రాస్తలేను. నాకు తెల్వదు. మీ అక్క పని ఉన్నన్ని రోజులు మీ ఇంట్లనే ఉంటదట, సంచి గట్టిగనే కట్టుకున్నది. నేను దుకాణం మూసినప్పుడల్ల వస్త. మంచం పక్కన కూసుంట.

బస్సొచ్చింది.

లింబాద్రి